అక్క ఆరేసిన దుప్పట్లు

మా తోడికోడలు దుప్పటి ఆరేస్తుంటే చూడాల్సింది. తడిసిన డబుల్ దుప్పటి ఎంత పిండినా బండంత బరువుంటుంది. దాన్ని తల మీదుగా ఒక్క విసురు విసిరిందంటే ఎత్తు తీగ మీద పడి, ఇటు అంచూ అటు అంచూ సమానంగా వేలాడేవి. మళ్ళీ లాగి సరిచేసే పనే లేదు. హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఇద్దరం పదేళ్ళు పనిచేశాం. ఆవిడ మేడ మీద తీగల దగ్గర, నేను కింద ఇస్త్రీ బల్ల దగ్గర. సూపర్‌వైజరు కొత్తవాళ్ళను మేడెక్కించి మరీ ఆ విసురు చూపించేవాడు. నా ఇస్త్రీ చూడమని ఏనాడూ ఎవర్నీ తీసుకురాలేదు. ఇంట్లోనూ అంతే. అత్తయ్య పెద్ద కోడలిని నెత్తిన పెట్టుకునేది. నేనో, ఉన్నానంటే ఉన్నాను.

దాచడం దేనికి, కుళ్ళిపోయేదాన్ని.

మూడేళ్ళ కిందట నా కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోవాలన్నా ప్రాణం పోయేది. ఆస్పత్రికి అక్కే, అంటే మా తోడికోడలే, తోడొచ్చింది. అక్కడి డాక్టరమ్మ నొప్పి లేని భుజాలు కూడా పరీక్షించి వివరాలు రాసుకుంటోందట. "మీరూ కూర్చోండమ్మా, ఐదు నిమిషాలే" అంది అక్కతో. ఇద్దరి భుజాలకూ జెల్ రాసి స్కాన్ మెషిన్ ఆనించింది. కండను ఎముకకు పట్టి ఉంచే టెండన్‌లో నాకు అర సెంటీమీటరు చిరుగు. అక్కకు దానికి రెండింతలు!

"నొప్పి లేదా మీకు?" అంది డాక్టరమ్మ.

"నొప్పా? ఎక్కడ?" అంది అక్క, చెయ్యి గిరగిరా తిప్పుతూ.

ఒళ్ళు మండిపోయింది నాకు. చిరుగులో కూడా ఆవిడదే పైచేయి, ఏడుపు మాత్రం నా వంతు!

"నొప్పి లేదు కదా అని వదిలెయ్యకండి" అంది డాక్టరమ్మ. "కొందరికి ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. కొందరికి పెరుగుతుంది. పెరిగేటప్పుడు చాలామందికి నొప్పి మొదలవుతుంది. కొందరికి అదీ ఉండదు, బలం తగ్గిపోతుందంతే. మరీ పెద్దదైపోతే కుట్టినా నిలవదు. ఏడాదికోసారి వచ్చి చూపించుకోండి."

ఇంటికి రాగానే అత్తయ్య అందుకుంది. "పెద్దదానికి నీకంటే పెద్ద చిరుగుందటగా, ఒక్కసారైనా అమ్మా అందా?" ఆ మాట పట్టుకుని నాది దొంగ నొప్పని ఇంటిల్లిపాదీ తేల్చేశారు. గోడ మీద వేళ్ళు పాకించే ఎక్సర్‌సైజు చేస్తుంటే మా ఆయన నాకు 'బల్లి' అని పేరు పెట్టాడు. ఆర్నెల్లకు నొప్పి తగ్గింది గానీ కడుపుమంట తగ్గలేదు. ఆవిడకీ నొప్పి రావాలి, ఒక్క రోజు వస్తే చాలు అని కోరుకున్నాను. ఏడాది తిరిగాక చూపిస్తే అక్క చిరుగు ఎంత ఉందో అంతే ఉంది. నాకు ఉసూరుమనిపించింది. ఆ తర్వాతి ఏడాది అక్క వెళ్ళనే లేదు. "బాగున్న చేతికి డాక్టరెందుకే?" అంది.

నేను మాత్రం రోజూ మేడెక్కేదాన్ని, టీ ఇచ్చే వంకతో. అక్క దుప్పట్లలో తప్పు వెతకడమే నా పని. చివరికి దొరికింది. ఒక మంగళవారం, మూడో తీగ మీద దుప్పటి ఒక అంచు నాలుగు వేళ్ళు కిందికి జారి ఉంది. నా సంబరం చెప్పలేను! వారం తిరిగేసరికి అది జానెడైంది. అక్క అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకుని, అంచు లాగి సర్దుతోంది. ఇంట్లో పైఅరలో డబ్బా దించుతూ కుడిచేతిని ఎడమచేత్తో కింద నుంచి ఎత్తిపట్టుకుంది. మొహంలో నొప్పి జాడే లేదు.

నాకు తెలిసిపోయింది. అయినా నోరు విప్పలేదు. చెబితే ఓర్వలేక శాపనార్థాలు పెడుతోందంటారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి, ఆ వంకర దుప్పట్లు ఇంకొన్నాళ్ళు చూసుకోవాలని ఉంది.

ఇంకో మంగళవారం, విసిరిన దుప్పటి తీగను అందుకోక అక్క మొహం మీదే పడింది. ఆ తడి గుడ్డ కింద నుంచి "ఏమైందే నా చేతికి?" అంది. ఆవిడ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. "పద" అని, తడిసిన బట్టలతోనే ఆస్పత్రికి లాక్కెళ్ళాను.

చిరుగు మూడు సెంటీమీటర్లయింది.

"బలం ఎప్పటి నుంచి తగ్గిందమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఏమోనండీ. నొప్పి లేదు కదా, నేను పట్టించుకోలేదు" అంది అక్క.

"ఆరు వారాలు" అన్నాను నేను. "సరిగ్గా ఆరు వారాలు. ఆవేళా మంగళవారమే."

అన్నాక గానీ తెలియలేదు ఏమన్నానో. అక్క మెల్లగా నావైపు తిరిగింది. ఆపరేషన్ చెయ్యాలి, కుట్టు నిలుస్తుందో లేదో ఇప్పుడే మాటివ్వలేను అంది డాక్టరమ్మ. "ఆరు వారాల కిందటే వచ్చుంటే?" అని అడిగాను. "చెప్పలేం" అంది.

బస్సెక్కాక "ఆరు వారాలా?" అంది అక్క.

"ఓర్వలేకపోయానక్కా" అన్నాను.

ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

సంగతి విని అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది, పదేళ్ళలో మొదటిసారి. "మనమెవ్వరం చూడలేదు, చిన్నదే కనిపెట్టింది! తోడికోడలంటే ఇలా ఉండాలి" అని ఇంట్లో అందరికీ వినిపించేలా అంది. అక్క పక్కనే ఉంది. ఒక్క మాటంటే చాలు, నా బండారం బయటపడిపోతుంది.

"అవునత్తయ్యా, అదే తీసుకెళ్ళింది" అంది అక్క, మంచినీళ్ళ గ్లాసు ఎడమచేత్తో అందుకుంటూ.

అక్క చెప్పేసి ఉంటే బాగుండేది. కడుపులో దాచుకోవడంలోనూ నన్ను మించిపోయింది.