ఫిల్మ్‌నగర్ లైట్ల కింద మెత్తటి లెన్సు

కంటికి పెట్టుకునే మెత్తటి లెన్సు నీళ్లు పీల్చుకునే ఒక పాలిమర్. వేడిగాలి తగిలితే అది నీరు కోల్పోయి, బిగుసుకుని, నల్లగుడ్డును పట్టేస్తుందని మా ప్రయోగశాలలో గమనించాం. సినిమా సెట్లలో లెన్సులు పెట్టుకునే కొందరి కళ్లు ఎర్రబడటానికి అదే కారణం కావచ్చని నాకు తెలిసిన కంటి డాక్టర్ కూడా అన్నారు. మరి షూటింగ్ లైట్ల దగ్గర వేడి ఎంత ఉంటుంది? అది కొలవడానికే తొంభైల్లో ఒక వేసవి ఉదయం సంచిలో థర్మామీటర్లు వేసుకుని తార్నాకలో బస్సెక్కాను.

అమీర్‌పేటలో బస్సు మారి యూసుఫ్‌గూడలో దిగేసరికి పది దాటింది. అక్కడి నుంచి ఆటో పదిహేను రూపాయలకు ఒప్పుకుంది. "షూటింగ్ సూడనీకెనా మేడం? ఊకెనే లోపలికి రానియ్యరు," అన్నాడు డ్రైవర్. "చూడటానికి కాదు, పరిశోధనకి," అన్నాను గర్వంగా. జూబ్లీహిల్స్ బండరాళ్ల మధ్య నుంచి ఆటో ముక్కుతూ ఫిల్మ్‌నగర్ చేరింది.

ప్రయోగశాల ఉత్తరం చూపిస్తే గేటు దాటనిచ్చారు. లోపల మెట్ల సెట్టు మీద పాట తీస్తున్నారు. విరామంలో, వెనక వరుసలో నాట్యం చేసే సుజాత అనే అమ్మాయి నా పక్కన కూర్చుని కళ్లు నలుపుకుంది. బోరబండ నుంచి వస్తుందట. లెన్సులా అని అడిగితే చుట్టూ చూసింది. "జర మెల్లగ మాట్లాడుండ్రి మేడం. నాకు దూరం కనబడదని ఈడ ఎవ్వరికీ తెల్వదు." ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.

కాసేపటికి, లైట్ల దగ్గర థర్మామీటర్ పెడతానంటే ప్రొడక్షన్ మేనేజర్ నవ్వాడు. "లైట్లకీ లెన్సులకీ సంబంధం ఏంటండీ? అసలు మా దగ్గర లెన్సులు ఎవరు పెట్టుకుంటారు?" ఆ నవ్వు నాకు తగిలింది. పాలిమర్ గురించి గడగడా చెప్పేసి, "కావాలంటే ఆ అమ్మాయి కళ్లు చూడండి," అంటూ సుజాత వైపు వేలు చూపించాను.

ఆయన ముఖం మారిపోయింది. "చూపు లేని మనిషిని మెట్ల మీద ఆడిస్తున్నానా? పడిందంటే నా పీకకి చుట్టుకుంటుందండీ." నేను ఎంత బతిమాలినా, "మీరే చెప్పారుగా," అని ఆమెను పంపేశాడు. థర్మామీటర్ పెట్టుకోవడానికి మాత్రం నాకు అనుమతి దొరికింది. సిగ్గు లేకుండా పెట్టాను కూడా.

పని ముగించుకుని బయటికొస్తే గేటు దగ్గర సుజాత మందపాటి కళ్లద్దాలతో నిలబడి ఉంది. "నీ కళ్ల మంచికే..." అని మొదలుపెట్టాను. "కండ్ల సంగతి నాకు జెప్తే సాలు గద మేడం. ఆయనకెందుకు జెప్పిన్రు?" అంది. మర్నాడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తానంటే వచ్చింది. కొన్నాళ్లకు కళ్లు తేరుకున్నాయి. ఆ మేనేజర్ మాత్రం ఆమెను మళ్లీ పిలవలేదు. ఆమె మధురానగర్‌లో బట్టల కొట్టులో చేరింది.

మా ఫలితం నిజమే. లైట్ల దగ్గర వేడి లెన్సును ఆరబెట్టేంతగానే ఉంది. ఆ కొలతలు చూపించిన ప్రతిసారీ నలుగురూ మెచ్చుకున్నారు. నేను మాత్రం తలెత్తి వాళ్ల వైపు చూడలేకపోయాను. ఆ రోజు నేను కాపాడుకున్నది ఆమె కళ్లను కాదు, నా పరువును.

మీరూ ఇలాంటి పని మీద సెట్టుకు వెళ్తుంటే ఒక్క సలహా: కొలిచేది లైట్లనైతే లైట్ల గురించే మాట్లాడండి. మనిషి గురించి చెప్పాల్సి వస్తే, ముందు ఆ మనిషిని అడగండి.