అక్క సెలవిస్తేనే హనీమూన్

పెళ్ళిచూపుల్లో నేను ఆయన్ని అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. "మీకు పాస్‌పోర్ట్ ఉందా?" మా అమ్మ పక్కనుంచి నా మోచేతిని గిల్లింది. ఆయన కాసేపు నేల చూపులు చూసి, "ఉంది" అన్నాడు. మాచర్లలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పుకుంటూ, వచ్చిన ప్రతి సంబంధానికీ వంక పెడుతూ ముప్పై దాటించుకున్నదాన్ని నేను. ఆయనకు నరసరావుపేటలో హార్డ్‌వేర్ షాపు. మొదటి భార్య కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయింది. వాళ్ళు దాచలేదు, నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు. పోయినామెతో నాకేం పేచీ అనుకున్నాను.

పేచీ పెళ్ళి పీటల మీదే మొదలైంది. మా వైపు రెండో పెళ్ళివాణ్ణి చేసుకున్న పిల్ల మెడలో పుస్తెలతో పాటు ఒక చిన్న బంగారు బిళ్ళ కూడా వేస్తారు. సవతి బిళ్ళ అంటారు దాన్ని. పోయినావిడ అందులో ఉన్నట్టు లెక్క. కొత్త చీరైనా, పండక్కి పెట్టిన గాజులైనా ముందు ఆమెకు చూపించాకే రెండో ఆమె తొడుక్కోవాలి. ఆమెను అక్కా అని పిలవాలి. బిళ్ళను మెడలోంచి తియ్యకూడదు. ఇదంతా నేను ఎరగనిది కాదు, మా వీధిలో ఒక పిన్ని మెడలో చూసినదే. కానీ చూడటం వేరు, మెడలో పడటం వేరు. ఎండాకాలం మా మేడ గదిలో నీళ్ళ బిందె కూడా కాగిపోతుంది. పుస్తెలు ఒంటికి చురుక్కుమని తగిలేవి. ఆ బిళ్ళ మాత్రం చల్లగా ఉండేది.

ఆదివారం మధ్యాహ్నం షాపు మూసేస్తారు. భోజనాలయ్యాక కూలర్ ముందు చాప వేసుకుని ఫోన్లో దేశాలు వెతకడం మా పని. నాకేమో దూకాలి, ఎక్కాలి, నీళ్ళలో మునగాలి. ఆయనకేమో పడుకోవాలి.

"సంవచ్చరమంతా షాపులో నిలబడే ఉంటా. ఆడికి పోయి కూడా కొండలెక్కాలా? ఏందే నాకీ ఖర్మ!"

"పడుకోడానికైతే ఈ చాప చాలదా అండీ? దానికి విమానమెందుకు?"

చివరికి రాజీ కుదిరింది. బాలి దీవికి పోవాలి. మొదటి సగం నాది. ఏట్లో రబ్బరు పడవ, చేపల మధ్య ఈత, అగ్నిపర్వతం మీదికి నడక. రెండో సగం ఆయనది. ఆ రెండో సగానికి ఇల్లు వెతికింది కూడా నేనే. వరి పొలాల మధ్య చెక్క ఇల్లు, గడ్డి కప్పు, మంచం మీంచి లేవకుండానే చేను కనిపిస్తుంది. పొలాలు చూట్టానికి అంత దూరం ఎందుకే, రొంపిచెర్ల పోతే చాలదా అని ఆయన వెక్కిరిస్తాడని, దానికి జవాబు కూడా సిద్ధం చేసుకుని ఫోన్ ఆయన ముందు పెట్టాను.

ఆయన వెక్కిరించలేదు. ఫొటో చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. పెళ్ళయ్యాక ఆయన నన్ను అంతసేపు చూడటం అదే మొదటిసారి.

"ఇది నీకెవురు చెప్పారు?"

"ఎవరు చెప్తారు? నేనే వెతికాను."

ఆయన లేచి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు వంటింట్లో మా అత్తగారు చిక్కుడుకాయలు తుంచుతూ తలెత్తకుండానే అడిగింది. "గడ్డి కప్పు ఇల్లేనంటగా?"

"మీకెట్లా తెలుసు అత్తయ్యా?"

"వాడు చెప్పాడు. మీ అక్క కూడా ఆ ఇల్లే పట్టింది. ముందు ఎగరటాలు, దూకటాలు, ఆనక ఆ ఇంట్లో పడుకోటాలు. అంతా నీ మాదిరే. పాస్‌పోర్టులు చేయించుకున్నారు, టిక్కెట్లు కొన్నారు, లాక్‌డౌన్ పెట్టారు. మళ్ళీ ఏడు పోదాంలే అనుకున్నారు. మళ్ళీ ఏటికి అదే లేకపాయె." అప్పుడు తలెత్తి నన్ను చూసి నవ్వింది. ప్రేమగానే నవ్వింది. "దాని కోరిక నీ చేత తీర్చుకుంటంది తల్లీ. మంచిదేగా!"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఇల్లు ఫోన్లో అందరికీ కనపడేదే, ఆమెకూ కనపడి ఉంటుంది, ఇందులో వింతేముంది అని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. పొద్దున్నే స్నానం చేసి బిళ్ళను మెడ వెనక్కి తోసేదాన్ని. ఫోన్ పట్టుకుని కూర్చునేసరికి అది ముందుకొచ్చి పుస్తెల మధ్య ఉండేది. జారి ఉంటుంది అనుకునేదాన్ని. రోజూ జారేది.

తరవాతి ఆదివారం నేను పంతం పట్టాను. నాకు చీకటంటే ఊపిరాడదు. చిన్నప్పుడు దాగుడుమూతల్లో కూడా గాదెగదిలో దూరేదాన్ని కాదు. అందుకని కావాలనే నాకు అస్సలు ఇష్టం లేనిది ఎంచాను. "బాలి వద్దు. వియత్నాం పోదాం. అక్కడ గుహల్లో నడిపిస్తారంట."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "అదీ చివర్లో ఇట్టాగే మార్చింది" అన్నాడు మెల్లగా. "బాలికి అందరూ పోతన్నారు, గుహలకు పోదామంది. నేనే ఒప్పుకోలా."

నేను ఇంకో దేశం వెతుకుతూ ఫోన్ జరిపాను. ఆయన ఇంకా ఏదో చెప్పాలా వద్దా అని నా చేతి వంకే చూస్తున్నాడు.

"నువ్వు ఫోన్ బొటనేలితో జరిపేదానివి. ఇప్పుడు దాని మాదిరే మధ్యేలితో జరుపుతన్నావు. చూసుకున్నావా?"

చూసుకున్నాను. నిజమే. ఎప్పటినుంచి అలా చేస్తున్నానో నాకు తెలియదు. ఫోన్ చాప మీద పడేసి, ఆ వేలిని కొంగులో చుట్టుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత ఇంట్లో నేను దేన్నీ నమ్మలేకపోయాను. కాఫీలో పంచదార తక్కువైందనిపిస్తే, ఆ అనిపించింది ఎవరికి? నాకా, ఆమెకా? ఆయన మాత్రం ఎన్నడూ లేనంత హుషారుగా ఉన్నాడు. బాలికే టిక్కెట్లు తీసుకున్నాడు. సాయంత్రాలు మల్లెపూలు తేవడం మొదలుపెట్టాడు. మల్లెపూల వాసనకు నాకు తల పగిలిపోతుంది, చిన్నప్పటినుంచీ అంతే. ఒక సాయంత్రం ఆయన మొహం చూసి కాదనలేక పెట్టుకున్నాను. తలనొప్పి రాలేదు. వస్తుందని చూస్తూ కూర్చున్నాను, రాలేదు. దానంతగా నన్ను ఏదీ భయపెట్టలేదు.

నాకు కావలసింది ఒక్కటే. నేను కోరింది నా కోరికేనని, ఆయన వెంట తీసుకెళ్ళేది నన్నేనని తెలియాలి. అది తెలియకుండా పోతే, ఆమె ప్రయాణానికి నేను సంచీ మోసినట్టే. ఏడుపొచ్చేది. ఏడిస్తే ఆ ఏడుపు కూడా ఆమె మాదిరే ఉందంటారేమోనని ఏడ్చేదాన్ని కాదు.

రబ్బరు పడవల వాళ్ళ నిబంధన ఒకటుంది, మెడలో ఏ గొలుసూ ఉండకూడదని. అది చదివి వినిపించేసరికి మా అత్తగారు చెవులు మూసుకుంది. "పుస్తెలంటే సరే, బిళ్ళ తియ్యటమా? అట్టాంటి మాట నోటెంట రానీకు. ముందు దాన్నడగాల. అది సెలవిస్తే పోండి, లేకపోతే లేదు."

శుక్రవారం పొద్దున అడిగే ఏర్పాటు చేసింది. దేవుడి గదిలో ఆమె ఫొటో ముందు పీట వేసి, కొత్త చీర, గాజులు, పసుపు, పూలు పెట్టింది. మా సూట్‌కేసు కూడా తెచ్చి అక్కడే తెరిచిపెట్టింది. అందులో అన్నిటికంటే పైన ఆమె కట్టి విడిచిన ఆకుపచ్చ చీర మడతపెట్టి ఉంది. నన్ను పీటకు ఎదురుగా కూర్చోబెట్టి బొట్టు పెట్టింది.

"పోతావా అమ్మా? పోయి చల్లంగా తిరిగొస్తావా?" అని అడిగింది.

ఫొటో వైపు చూసి కాదు. నా మెడ వైపు చూసి. ఆయన పక్కనే చేతులు జోడించుకుని నిలబడ్డాడు. ఆయనా నా మెడనే చూస్తున్నాడు. ఆ గదిలో నా మెడకు పైన నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ గుర్తు లేదు.

ఇక చాలనిపించింది. గొలుసు కొక్కెం విప్పాను. బిళ్ళ ఒక్కటీ జార్చి, పీట మీద కొత్త చీరపైన పెట్టాను.

"అయ్యో అయ్యో! ఏంది తల్లీ ఈ పని?" మా అత్తగారు రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఆమెనే పోనివ్వండి అత్తయ్యా. నేను మాచర్ల బస్సెక్కుతాను." ఆయన వైపు తిరిగాను. నా గొంతు వణికింది, కానీ అది నా గొంతే. "ఆమె అదుగో, అక్కడుంది. నేను ఇక్కడున్నాను. ఇప్పుడు చెప్పండి, ఎవరితో పోతారు?"

కోప్పడతాడనుకున్నాను. లేదా నా చెయ్యి పట్టుకుంటాడనుకున్నాను. పట్టుకోవాలని దేవుడి ఎదుటే మొక్కుకున్నాను. ఆయన పీట ముందు గొంతుక్కూర్చున్నాడు. బిళ్ళను అరచేతిలోకి తీసుకున్నాడు. నాతో ఏనాడూ మాట్లాడని మెత్తటి గొంతుతో, "ఏమే, పోదామా?" అని దాన్ని అడిగాడు.

అడిగి ఊరుకోలేదు. జవాబు కోసం ఆగాడు. తల కొంచెం పక్కకు వంచి, ఫోన్లో అవతలి మనిషి చెప్పేది వింటున్నట్టు విన్నాడు. మధ్యలో ఒకసారి "ఊఁ" అన్నాడు. ఒకసారి అడ్డంగా తలూపాడు. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. చివరికి సరేనన్నట్టు తల వంచి, బిళ్ళను చీర మీద పెట్టేశాడు.

"ఏమంది?" అని అడిగింది మా అత్తగారు. బజారు నుంచి వచ్చినవాణ్ణి కూరగాయలు ఎట్లా ఉన్నాయని అడిగినట్టు మామూలుగా అడిగింది.

"తను రానంటంది. దీన్ని తీసకపొమ్మంటంది."

"చల్లని తల్లి" అని మా అత్తగారు ఫొటోకు దణ్ణం పెట్టి, సూట్‌కేసులోంచి ఆకుపచ్చ చీర తీసేసింది.

మేం వెళ్ళాం. బిళ్ళ ఇంట్లోనే ఉండిపోయింది. ఏట్లో పడవ ఎగిరిపడుతుంటే నేను గొంతు చించుకుని అరిచాను. గడ్డి కప్పు ఇంట్లో ఆయన నా చెయ్యి పట్టుకుని పొద్దెక్కేదాకా నిద్రపోయాడు. అబద్ధం ఎందుకు, నేను సుఖంగానే ఉన్నాను. ఇప్పుడూ ఆయన నన్ను బాగానే చూసుకుంటాడు. నేను కావాలనే తీసుకెళ్ళారా, ఆమె మాట కాదనలేక తీసుకెళ్ళారా అని అడగాలని చాలాసార్లు నోటిదాకా వస్తుంది. అడగను. అడిగితే, ఉండు, కనుక్కుని చెప్తానంటాడేమోనని భయం.