మూడు కూపన్ సైట్లు, ఒక పవర్ మిషన్

పల్నాడు జిల్లా ఏర్పడిన మరుసటి వేసవిలో నేను నరసరావుపేటలో తూనికలు, కొలతల శాఖ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేస్తున్నాను. రిటైర్మెంటు ఇంకా పది నెలలు. జనం మమ్మల్ని కాటాలకు ముద్ర వేసేవాళ్లుగానే ఎరుగుదురు. పెట్టె మీద ఎమ్మార్పీ, అంటే గరిష్ఠ చిల్లర ధర, సరిగా వేశారా, అంతకు మించి ఎవరైనా వసూలు చేస్తున్నారా అని చూడటం కూడా మా పనే.

మే నెల మొదటి వారంలో మస్తాన్‌బీ అనే దర్జీ తెల్లకాగితం మీద ఫిర్యాదు రాసుకొచ్చింది. కుట్టుమిషన్లు అమ్మే సుబ్బయ్య గారు మోటారుతో నడిచే పవర్ మిషన్‌కు ఇరవై నాలుగున్నర వేలు చెప్పారు. అదే మోడల్ మిషన్ ఫోన్‌లో కూపన్ కొడితే పదిహేడు వేల తొమ్మిది వందలకు కనిపించింది. కనుక ఆయన దోచుకుంటున్నాడని ఆమె ఆరోపణ. నకరికల్లులో ఒక బడివాళ్లు పిల్లల యూనిఫాంలు కుట్టే పని ఆమెకు ఇస్తామన్నారు. బడులు తెరిచేలోగా ఇవ్వాలి. కాలితో తొక్కే మిషన్ మీద అది జరగదు. ఆమె దగ్గర ఒక్క మిషన్‌కు సరిపడే డబ్బే ఉంది. పనికిరానిది వస్తే రెండోది కొనలేదు, పని గుంటూరు వాళ్లకు పోతుంది.

చట్టం ప్రకారం ఆ ఫిర్యాదు నిలవదు. ఎమ్మార్పీ లోపల ఎంతకు అమ్మినా వ్యాపారి ఇష్టం. ఆ మాట చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కానీ నేను హేతువాద సభల్లో తాయెత్తుల మీద, రంగురాళ్ల మీద ముప్పై ఏళ్లు ఉపన్యాసాలిచ్చినవాణ్ణి. ఈ కూపన్లూ తాయెత్తుల్లాంటివేననీ, అన్నీ మోసమేననీ ఆమెకు పది నిమిషాలు బోధించాను.

"మీరు ఆ సైట్లు చూశారా సార్?" అంది.

చూడక్కర్లేదన్నాను.

"చూడకుండా చెప్పేదాన్ని మా వీధిలో సోది అంటారు సార్. సోదెమ్మయితే ఇంత బియ్యం పుచ్చుకుని పోద్ది. మీరేంది, జీతం తీసుకుని చెప్తున్నారు?"

మా అటెండరు నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. నాకు కోపం వచ్చింది. అయితే ఆమె అడిగింది సభల్లో నేను అందరినీ అడిగే ప్రశ్నే. ఆఫీసు కంప్యూటర్ ముందు ఆమెకు కుర్చీ వేయించాను.

కూపన్ సైట్లు తాము ఏదీ అమ్మవు. అమ్మే కంపెనీల తగ్గింపు కోడ్‌లు పోగుచేసి చూపిస్తాయి. మనం వాటి మీదుగా వెళ్లి కొంటే కమీషన్ తీసుకుంటాయి. ఆమె ఫోన్‌లో అలాంటివి మూడున్నాయి. కాగితం మీద గళ్లు గీసి మూడింటినీ ఒకే మోడల్‌కు పోల్చాం.

మొదటిది ఆమెను ఊరించిన సైటు. నలభై రెండు వేలు కొట్టేసి పదిహేడు వేల తొమ్మిది వందలు చూపింది. ఆఫర్ ఇంకా తొమ్మిది నిమిషాలేనని పైన గడియారం తిరుగుతోంది. పేజీ మూసి మళ్లీ తెరిస్తే గడియారం మళ్లీ తొమ్మిది నుంచే మొదలైంది. అడుగున సన్నని అక్షరాల్లో 'హెడ్ మాత్రమే' అని ఉంది, అంటే కుట్టే పైభాగం ఒక్కటే. టేబుల్, మోటార్ కలిపితే మరో ఆరు వేల ఎనిమిది వందలు. సుబ్బయ్య గారి ధర కంటే రెండు వందలు ఎక్కువే తేలింది.

రెండోదాంట్లో ఆరు కోడ్‌లు పెట్టి చూశాం. ఒక్కటీ పనిచేయలేదు.

మూడోది మోటార్, టేబుల్‌తో సహా ఇరవై రెండు వేల ఆరు వందలు. కోడ్‌ను చివరిసారి ఎప్పుడు పరీక్షించారో రాశారు. తమకు కమీషన్ వస్తుందనీ రాశారు. అమ్మే కంపెనీ పేజీలో ఏడాది ఉచిత సర్వీసు షరతులున్నాయి. కోడ్ కొడితే చెప్పిన ధరే వచ్చింది. నేను మరో రెండుసార్లు పరీక్షించాను, తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు.

ఇక మిగిలింది పెట్టె మీది ఎమ్మార్పీ. ఇద్దరం సుబ్బయ్య గారి కొట్టుకు వెళ్లాం. పెట్టె మీద ఇరవై ఎనిమిదిన్నర వేలు. మూడో సైటు కొట్టేసి చూపింది సరిగ్గా అంతే. మొదటి సైటు చూపిన నలభై రెండు వేలు ఏ పెట్టె మీదా లేని ధర.

ఫిర్యాదు సంగతి చెప్పగానే సుబ్బయ్య గారు నొచ్చుకున్నారు. ఎక్కువ చెప్పారన్నందుకు కాదు. "బేరం ఆడకుండా మెట్లు దిగిపోయింది సార్! మా కొట్టులో ఇంత అవమానం ఎన్నడూ లేదు. ఏమ్మా, ఇరవై రెండున్నరకి అడగొచ్చుగా? నోరు లేదా నీకు?"

"ఇచ్చేది ఇరవై రెండున్నరకైతే ఇరవై నాలుగున్నర ఎందుకు చెప్పావన్నా?"

"నువ్వు అడుగుతావని!"

అధికారి ఎదుట ధర తగ్గితే అది ఒత్తిడి కిందికి వస్తుంది. నేను బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాను. మాటలు వినపడుతూనే ఉన్నాయి. ఆయన ఇరవై రెండున్నరకు ఒప్పుకున్నారు. ఏడాది సర్వీసు ఊరికే చేస్తానన్నారు. బిల్లు మీద ఆ ముక్క రాయమంది ఆమె.

"మా నాన్న కాలం నుంచి మాట మీదే నడిచిందమ్మా. రాయటమేంది?"

"నీ మాట నిజమేనన్నా. మిషన్ ఆగినప్పుడు నా చేతిలో ఏముండిద్ది?"

ఆయన రాయలేదు. అది అబద్ధాలకోరు మొండితనం కాదని నాకు తెలుసు. ఆ వీధిలో రాసిమ్మనడం అంటే నమ్మననడమే. వంద రూపాయలు ఎక్కువైనా ఆమె మూడో సైటు ద్వారా కొంది. ఆరో రోజున మిషన్ వచ్చింది. బడులు తెరిచే ముందురోజు యూనిఫాంలు నకరికల్లు చేరాయి. సూదులు, బెల్టులు ఇప్పటికీ సుబ్బయ్య గారి దగ్గరే కొంటుందట, గట్టిగా బేరమాడి.

వ్యాపారి తప్పు లేదని ఫైలు ముగించాను. మొదటి సైటు గురించి మేము గీసిన గళ్ల కాగితం జతచేసి పై అధికారికి నివేదిక పంపాను.

తగ్గింపు ఎంతో చూసేముందు అది ఏ ధర నుంచి తగ్గిందో చూడాలని అప్పటి నుంచి అందరికీ చెబుతున్నాను. అంతకంటే ముఖ్యమైన సంగతి నా గురించి. చూడకుండా నమ్మేవాణ్ణి ముప్పై ఏళ్లు వేదికలెక్కి దులిపేశాను. చూడకుండా కొట్టిపారేసేవాడూ చేసేది ఆ తప్పేనని ఒక దర్జీ చెబితేగాని నాకు తెలియలేదు.