బావ జేబులో బిళ్ళలు

మా బావకు నోట్లో నాలుక లేదని మా అక్క పెళ్ళయిన నెలలోపే తేల్చేసింది. ఆ లోటంతా చెవుల్లో పూడ్చి పంపారని నేనంటాను. మేమిద్దరం ఒకే కుట్టుహాల్లో పనిచేస్తాం. నేను చొక్కాలకు కాలర్లు కుడతాను, ఆయన మెషిన్లు బాగుచేస్తాడు. నలభై మెషిన్లు ఒక్కసారిగా గోల పెడుతుంటే చేతులు వెనక్కి కట్టుకుని వాటి మధ్య నడుస్తూ, ఒకచోట ఆగి, "అమ్మా, కాస్త ఆపు, లోపల హుక్కు రాసుకుంటోంది" అనేవాడు. విప్పి చూస్తే రాసుకుంటూనే ఉండేది. ఇంట్లోనూ అంతే. మెట్ల మీద అడుగుల చప్పుడు విని వచ్చేది నేనో పక్కింటావిడో చెప్పేసేవాడు. "మీ చెల్లెలొస్తోంది, ఎవరితోనో పోట్లాడి వస్తోంది" అని కూడా చెప్పేవాడట. పంతొమ్మిదేళ్ళలో ఆ చెవి తప్పు చెప్పడం ఎవరూ చూడలేదు. హాల్లో అందరూ ఆయన్ని చెవిగారు అంటారు. నన్ను పటాస్ అంటారు. ఎందుకో ఇది చదివితే మీకే తెలుస్తుంది.

అలాంటి మనిషి మీద చెవిటివాడని ముద్ర వేసి, అట్టపెట్టెలకు టేపు అంటించే ప్యాకింగు గదిలో పడేయబోయారు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మంటంతా ఒక్కరి మీదే చూపిద్దామంటే కుదరదు, అందులో నా వాటా కూడా ఉంది.

మా మెషిన్ల తలకాయ బల్ల మీద ఉంటుంది, మోటారూ బెల్టూ బల్ల కింద ఉంటాయి. వాటికి ఏమొచ్చినా గొంతుక్కూర్చుని కిందికి దూరాల్సిందే. రోజుకు ముప్పైసార్లు అలా దూరితే మోకాళ్ళు ఏమవుతాయో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. బావకు రెండు మోకాళ్ళూ వాచిపోయాయి. మాకు నడుములు, మెడలు. వీటన్నిటికీ మా మేనేజరు కనిపెట్టిన వైద్యం ఒకటుంది. పొద్దున గంట కొట్టగానే సూపర్‌వైజరమ్మ ఒక స్టీలు పళ్ళెంలో తెల్లటి నొప్పి బిళ్ళలు పోసుకుని వరస వెంట వస్తుంది. మనిషికి రెండు. నొప్పి ఉందా అని అడగరు, లేదని మేం చెప్పం. చెయ్యి చాపడం, పుచ్చుకోవడం. ఊరికే ఇస్తున్నారు కదా అని మురిసిపోయేవాళ్ళం కూడా. మా తెలివి తెల్లారినట్టే ఉండేది.

ఇక్కడే మా హాలు వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని ఘనకార్యం మొదలైంది. ఆ పూట నొప్పి లేనివాళ్ళు తమ బిళ్ళలు పారేయకుండా బావకిచ్చేవాళ్ళు. ఆయన మోకాలు పట్టుకుని బల్ల కిందినుంచి లేచేసరికి పైన ఒక చెయ్యి బిళ్ళతో సిద్ధంగా ఉండేది. "మీకే ఎక్కువ అవసరం చెవిగారూ, ఉంచండి." మెషిన్ త్వరగా బాగుచేసినందుకు ఒకరిస్తే, రేపు త్వరగా బాగుచెయ్యాలని ఇంకొకరు ఇచ్చేవారు. మేం చెయ్యగలిగిన మర్యాద అది. కాదంటే నొచ్చుకుంటారని ఆయన ప్రతి ఒక్కటీ చొక్కా జేబులో వేసుకుని, నొప్పి తిరగబెట్టినప్పుడల్లా ఒకటి మింగేవాడు. నేనైతే నా రెండూ రోజూ ఆయన చేతిలోనే పెట్టేదాన్ని. అంతటితో ఆగానా? "ఒకటి ఏం ఆనుతుంది బావా, ఇంకోటి వేసుకోండి" అని దగ్గరుండి మంచినీళ్ళు కూడా అందించేదాన్ని.

ఒక మంగళవారం బావ మూడో నంబరు మెషిన్ దగ్గర ఆగి, "సన్నగా కూత వస్తోంది" అన్నాడు. కుట్టే అమ్మాయి తనకేం వినపడలేదంది. చెవిగారి మాటకు ఎదురేముంది? మెషిన్ విప్పాడు, నూనె పోశాడు, బెల్టు మార్చాడు. కూత పోలేదు. పక్కదాని నుంచేమోనని నాలుగోది విప్పాడు. తర్వాత ఏడోది. గురువారం మధ్యాహ్నానికి తొమ్మిది మంచి మెషిన్లు పేగులు బయటపెట్టుకుని పడున్నాయి. ఆయన చెమటలు కక్కుతూ వాటి మధ్య తిరుగుతున్నాడు. మేనేజరు వచ్చి చూసి, అందరి ముందూ, "పెద్దాయనకి చెవులు పోయాయి, ఇంకొకర్ని చూసుకోవాలి" అన్నాడు. బావ తల వంచుకుని స్క్రూలు ఏరుకున్నాడు. పంతొమ్మిదేళ్ళ చాకిరీకి మూడు రోజుల్లో తీర్పు చెప్పేశారు.

ఆదివారం మధ్యాహ్నం అక్క వాళ్ళింటికి వెళ్ళేసరికి ముందుగదిలో ఫ్యాను నేల మీద ఉంది, దాని రెక్కలు మంచం మీద ఉన్నాయి. బావ స్టూలెక్కి పైన తీగలు చూస్తున్నాడు. అక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"చూడవే, బంగారంలాంటి ఫ్యాను. కూత పెడుతోందట. పొద్దున ఫ్రిజ్జన్నారు, ఇప్పుడు ఫ్యానట. సాయంత్రానికి నన్ను కూడా విప్పుతారేమో."

"మీకు నిజంగా వినపడటం లేదా?" అన్నాడు బావ. ఆ అడగడంలో కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది.

అక్క ముఖం మారిపోయింది. వెళ్ళి మెయిన్ స్విచ్ కట్టేసింది. కిటికీ తలుపులు మూసింది. ఫ్రిజ్జు గురక కూడా ఆగిపోయింది.

"ఇప్పుడో?"

బావ స్టూలు మీదే నిలబడి చాలాసేపు విన్నాడు. తర్వాత మెల్లగా దిగి, మంచం మీద రెక్కల పక్కన కూర్చున్నాడు.

"ఉంది. ఇంకా ఉంది" అన్నాడు.

రెండు అరచేతులూ చెవులకు అదుముకుని అలా కూర్చుండిపోయాడు. ఆ కూత మెషిన్లలోనూ లేదు, ఫ్యానులోనూ లేదు. ఆయన చెవిలోనే ఇల్లు కట్టుకుంది. చదువు లేదు, నోరు లేదు, ఉన్నదల్లా ఆ చెవి. అదీ పోతే మా బావ ఏమైపోవాలి?

మర్నాడు ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం.

"ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగింది ఆవిడ.

"ఏమీ లేవండి" అన్నాడు బావ. నేనూ లేవన్నాను, అక్కా లేవంది. నిజమే చెప్పామనుకున్నాం. పళ్ళెంలో పోసి పంచేదాన్ని మందని ఎవరనుకుంటారు? ఇంతలో చెమట తుడుచుకుందామని బావ జేబులోంచి రుమాలు లాగితే దానితోపాటు నాలుగు బిళ్ళలు బల్ల మీదికి దొర్లాయి. డాక్టరమ్మ ఒకదాన్ని తిప్పి, దాని మీద అచ్చుపడ్డ అక్షరాలు చూసింది.

"ఇవి రోజుకి ఎన్ని వేసుకుంటారు?"

"నొప్పిని బట్టండి. ఎనిమిది. ఒక్కోరోజు పది. పన్నెండు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎనిమిది నెలలు."

"ఎవరు రాసిచ్చారు?"

బావ నా వైపు చూడకూడదని చాలా కష్టపడ్డాడు పాపం, అయినా చూశాడు.

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "ఇది ఆస్పిరిన్. ఇంతింత మింగితే చెవుల్లో ఇలాగే మోత పుడుతుంది, వినికిడి మందగిస్తుంది. కడుపులో పుండ్లు పడి రక్తం కారొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. రక్తపరీక్ష రాస్తున్నాను, ఇవాళే చేయించండి. గుండెకని గాని ఇంకోదానికని గాని ఏ డాక్టరూ ఇవ్వలేదు కాబట్టి ఇక ఒక్కటి కూడా వద్దు" అంది.

"ఆపేస్తే కూత పోతుందా అండీ?" అని అక్క అడిగింది.

"చాలామందికి కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది. అందరికీ తగ్గుతుందని మాటివ్వలేను."

బిస్కెట్ల పొట్లం కొన్నా దాని మీద ఏదో ఒకటి రాసుంటుంది. మాకు పోసిన బిళ్ళలకు పొట్లం లేదు, కాగితం లేదు, జాగ్రత్త అని ఒక మాట లేదు. ఆ కడుపుమంటతోనే నేరుగా మేనేజరు గదికి వెళ్ళాను.

"సార్, మా బావ చెవులు పోలేదు. మీ బిళ్ళలు చేసిన పని ఇది" అని డాక్టరు చీటీ బల్ల మీద పెట్టాను.

ఆయన తాపీగా చదివాడు. "మేం ఇచ్చింది మనిషికి రెండేనమ్మా. మిగతా పదీ ఎవరిచ్చారు?"

పటాస్ అని పేరు తెచ్చుకున్నదాన్ని, చీటీ మడుచుకుని గుమ్మం వైపు తిరిగాను. తన చేతికి మట్టి అంటకుండా నిజం చెప్పే నేర్పు కొందరికి ఉంటుంది. గుమ్మం దాటాక గాని నాకు మాట దొరకలేదు. మళ్ళీ వెనక్కి వెళ్ళాను.

"ఎక్కువైతే ప్రమాదమని ఒక్కసారైనా చెప్పారా సార్? చెప్పుంటే మేం ఇచ్చేవాళ్ళమా?"

"అవన్నీ నాకు తెలీదు. వచ్చే సోమవారం దాకా ఆగుతాను. ఆ రోజు ఒక మెషిన్‌లో లోపం పెట్టిస్తాను. చెవితో పట్టుకున్నాడా, ఉంటాడు. లేదా, ప్యాకింగ్" అని ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర హాల్లో అందరికీ చెప్పాను. ఒకరిద్దరు నా మీదే విరుచుకుపడ్డారు. "అంటే మేం విషం పెట్టామంటావా?" అన్నారు. గుండీలు కుట్టే ముసలావిడ మాత్రం ముద్ద దించేసింది. "నా రెండూ ఆయనకే ఇచ్చేదాన్ని. మంచికే కదమ్మా ఇచ్చాను" అని కళ్ళు తుడుచుకుంది. నాది కూడా మంచికే. ఆ మంచి తలచుకుంటేనే నాకు రోత పుట్టింది.

రక్తపరీక్షలో పెద్ద దెబ్బేమీ లేదని తేలింది. కానీ బిళ్ళ మానేసరికి మోకాళ్ళు ఎనిమిది నెలల బాకీ అంతా ఒకేసారి వసూలు చేసుకున్నాయి. సెలవు పెట్టి ఇంట్లో ఉన్న బావ మంచం దిగాలంటే గోడ పట్టుకునేవాడు. అక్క వేడినీళ్ళ గుడ్డలు కాపడం పెట్టేది. పని దిగగానే నేను పరుగెత్తి, గుమ్మంలోంచే "పోయిందా బావా?" అనేదాన్ని. బుధవారం తగ్గిందన్నాడు, గురువారం తగ్గిందన్నాడు. శుక్రవారం "పోయింది" అన్నాడు.

"నమ్మకు. ఇందాక కూత కుళాయిలోంచేమోనని మూడుసార్లు లేచెళ్ళి చూసొచ్చారు" అంది లోపలినుంచి అక్క.

"అబద్ధం ఎందుకు బావా?"

"నువ్వు ఏడుస్తున్నావని మీ అక్క చెప్పింది" అన్నాడు గోడ వైపు చూస్తూ.

నేను ఏడవలేదు. కోపానికి కళ్ళలోంచి నీళ్ళొచ్చాయి, అంతే.

సోమవారం పన్నెండు మెషిన్లు ఒక్కసారిగా నడిపించారు. అందులో నాదీ ఒకటి. లోపం దేన్లో పెట్టించారో మాకెవరికీ తెలియదు. బావ వరస వెంట ఒకసారి నడిచాడు. ముఖంలో ఏమీ తెలియలేదు. రెండోసారి నడిచి, హాలు చివర కిటికీ దాకా పోయి అక్కడ కాసేపు నిలబడి వెనక్కి వచ్చాడు.

"ఏమిటి, కూత వినపడుతోందా?" అన్నాడు మేనేజరు అందరికీ తెలిసేలా నవ్వుతూ.

"వినపడుతోంది సార్" అన్నాడు బావ.

శుక్రవారం మా ముందు చెప్పిన అబద్ధం ఇక్కడ చెప్తే ఏం పోయిందయ్యా అనుకున్నాను.

"కొంచెం ఉందింకా. కానీ అది నాది సార్" అన్నాడాయన. "కిటికీ దాకా పోతే నాతోపాటే వచ్చింది. టకటకమనేది మాత్రం తొమ్మిదో మెషిన్ దగ్గరే ఉండిపోయింది. కింద మోటారు బోల్టు వదులు చేయించారు."

తొమ్మిదోది ఆపి చూశారు. బోల్టు వదులుగానే ఉంది. ఎవరో చప్పట్లు కొట్టబోయి, మేనేజరు ముఖం చూసి మానేశారు.

"సరే, బిగించు మరి" అన్నాడు మేనేజరు. సూపర్‌వైజరమ్మ అలవాటుకొద్దీ రెండు బిళ్ళలు పట్టుకుని ముందుకొచ్చింది. బావ వద్దని చెయ్యి ఊపి, బల్ల అంచు పట్టుకుని దిగడం మొదలుపెట్టాడు. ఒక మోకాలు వంచి ఆగాడు. పళ్ళు బిగించి రెండోది వంచి మళ్ళీ ఆగాడు. నేను సాయానికి లేవబోతే కూర్చోమన్నట్టు చూశాడు. చుట్టూ మెషిన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి, ఎవరూ ఆపమనలేదు.

"ఇంతసేపా? మొన్నటిదాకా టక్కున దిగేవాడివి కదయ్యా" అన్నాడు మేనేజరు.

పంతొమ్మిదేళ్ళలో మా బావ పైవాళ్ళకు ఎదురు చెప్పగా నేను వినలేదు. ఇప్పుడూ గొంతు పెంచలేదు. బల్ల కిందినుంచే చెప్పాడు.

"మొన్నటిదాకా దిగింది మీ బిళ్ళలు సార్. నేను దిగితే ఇంతసేపే పడుతుంది."