చెప్పవలసిన కబురు

చిలకలగూడలో యెషయా పొద్దున లేవగానే కంబళి మడిచి, దాని మీద సత్తుగిన్నె బోర్లించి, వాకిట్లో గొంతుక్కూర్చునేవాడు. జైల్లో ఖైదీలను లెక్కపెట్టేటప్పుడు అలాగే కూర్చోవాలి. విడుదలై వచ్చినా, ఎవరో ఒకరు లెమ్మనే దాకా అతని ఒళ్లు లేచేది కాదు. పక్కింటి బుచ్చమ్మ అది కనిపెట్టి, రోజూ చాయ్ తెచ్చి, "లే తమ్మీ, లెక్క అయిపోయింది" అని నవ్వేది.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, జైలు నియమాలు మార్చడానికి వేసిన కమిటీ శిక్ష తీరినవాళ్లను కూడా పిలిచి అడిగింది. కుర్చీ చూపించినా యెషయా నేల మీదే కూర్చున్నాడు. తిండి గురించి, దెబ్బల గురించి అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"ఇంట్ల ఎవరన్న పోతే ఆ దినమే ఖైదీకి చెప్పాలె సార్. నా పెండ్లాం కాంతమణి పోయిన సంగతి ఇంటికొచ్చినంకనే నాకెరుక. ఆమె మట్టిల ఉన్నది, నేనేమో ఆమె జరం తగ్గియ్యమని ప్రభువును అడుగుతనే ఉన్న."

కమిటీ పెద్దాయన ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు. "తప్పకుండా రాస్తాం. సర్కారు ఒప్పుకోవడానికి కొంతకాలం పడుతుంది" అన్నాడు మెల్లగా.

యెషయా చేతులు జోడించాడు. "అందాక ఒక్క సాయం చెయ్యుండ్రి. నాతోని ఉన్న రాములు ఇంకా లోపల్నే ఉన్నడు. వాని తల్లికి మొన్న అల్వాల్‌ల మట్టి పోసొచ్చిన. చెప్పనీకి పోతే నన్ను గేటుకాడనే ఆపిండ్రు. జెర ఇయ్యాల్నే మీరు పోయి చెప్పుండ్రి. రేపు శనివారం సార్. తల్లి బాగుగావాలని వాడు మల్ల ఒక్కపొద్దుంటడు."