"దేన్ మీ" అన్నందుకు

సౌదీలో విదేశీ పనివాళ్లను తగ్గించిన నితాకత్ రోజుల్లో నేను ఖఫ్జీలో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. మా సెక్షన్‌లో ఒకరిని తీసేయాలని ఆర్డరొచ్చింది. ఎలక్ట్రీషియన్ మల్లేశ్‌ని పంపించేద్దామా అని మేనేజర్ నన్ను ఇంగ్లీషులో అడిగాడు. అతను నాకంటే మీకే ఎక్కువ అవసరమని చెప్పబోయి, "యూ నీడ్ హిమ్ మోర్ దేన్ మీ" అన్నాను.

"అంటే, నీకన్నా అతనే మాకు ముఖ్యమన్నమాట. మంచిది, అయితే నువ్వే వెళ్లు," అన్నాడు మేనేజర్.

సాయంత్రానికి నాకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టేశారు, అంటే ఇక తిరిగి రాకుండా దేశం వదిలిపోవాలి.

"అన్నా, నువ్వట్ల అనలేదని పోయి చెప్పు," అన్నాడు సంగతి విన్న మల్లేశ్.

"చెప్తే నిన్ను పంపుతరు," అన్నాను.

అతను తల దించుకున్నాడు. నేను బట్టలు సర్దుకున్నాను.

"దేన్ మీ" కాదు, "దేన్ ఐ డూ" అనాల్సిందని విమానంలో నా కథ విని పక్క సీటాయన చెప్పాడు. ఊళ్లో అందరూ నేను త్యాగం చేశానంటారు. ఆ రోజు తలుచుకుంటే నాకు బాధా రాదు, గర్వమూ రాదు. "దేన్ ఐ డూ" అని ఒకసారి మెల్లగా అనుకుంటానంతే.