కడిగిన అద్దం మీద ఒక లైను

దయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ణి. పావగడలో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్పే నాకు రుజువు లేని మాట గొంతు దిగదు. అందుకే ఇది చెప్పాలంటే సిగ్గుగానే ఉంది.

నా పరిశోధన ప్రధాన సంఖ్యల మీద. వాటి లెక్కలో వచ్చే జీటా ఫంక్షన్ సున్నాల మధ్య ఎడాలకూ, అణుకేంద్రకాల శక్తి స్థాయిల మధ్య ఎడాలకూ ఏదో చుట్టరికం ఉందని ఫిజిక్స్ వాళ్లు కూడా అంటారు. ఆ చుట్టరికం వెతుకుతూ నేనూ, నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న లతా ఒక మెట్టు దగ్గర ఇరుక్కుపోయాం. అది దాటకపోతే ఆమె థీసిస్ లేదు. గడువు ముంచుకొస్తోంది.

మా ఊరు వల్లూరులో సోలార్ పార్కుకు కౌలుకిచ్చిన మా వేరుశనగ చేను ఇప్పుడు ప్యానెళ్ల కింద ఉంది. మా బామ్మర్ది ఓబులేశు అక్కడే ప్యానెళ్లు కడుగుతాడు. ఆదివారం వెళ్లి, నెలకోసారి మాత్రమే కడిగే చివరి వరుసలో దుమ్ము పట్టిన ప్యానెల్ మీద వేలితో లెక్క చేసుకోవడం నా అలవాటు. ఒకసారి మేం ఆగిపోయిన చోటిదాకా రాసి వచ్చాను. మరుసటి వారం చూస్తే కింద ఇంకో లైను ఉంది. మాకు కావలసిన మెట్టులో మొదటి సగం అది.

ఒళ్లు మండింది. ఆ లెక్క నాకు కాక తెలిసింది లతకే. నాతో ఆటలాడుతోందా? బయట ఎవరికైనా చెప్పేసిందా? నిలదీస్తే ఏడ్చేసింది.

"నాకు తెలిసింటే ముందు మీకే చెప్తా గదా సార్! వల్లూరు యాడుండాదో కూడా నాకు తెలీదు."

నేను నమ్మలేదు.

దొంగను పట్టాలని, తర్వాతి ఆదివారం పొద్దున్నే ఓబులేశు చేత ఆ ప్యానెల్ కడిగించాను. నేనేమీ రాయలేదు. ఎదురుగా గొడుగు వేసుకుని కూర్చున్నాను. మనిషి కాదుకదా, గొర్రె కూడా అటు రాలేదు. మధ్యాహ్నం ఓబులేశు సంగటి తెచ్చాడు. ముద్ద అందుకోవడానికి తల వంచానంతే.

తలెత్తితే అద్దం మీద రెండో సగం ఉంది. ఈసారి దుమ్ములో గీసింది కాదు. కడిగిన అద్దం మీద దుమ్ముతోనే రాసింది. గబగబా చదువుతున్నాను. చివరి పదం దాకా వచ్చేలోపే ఓబులేశు భుజం మీది తువ్వాలు తీసి తుడిచేశాడు.

"ఏం పని చేసినావురా!"

"కడిగినాక మురికి కనిపిస్తే సూపర్‌వైజర్ తిడతాడు గదా బావా. అయినా ఆడ ఏముండాది? దుమ్మే గదా."

చదివినంతా సరిగ్గా కుదిరింది. ఆ ఒక్క పదం లేక మెట్టు నిలబడటం లేదు. ఓబులేశుకు ఎక్కాలే సరిగ్గా రావు. మరి అంత తొందరగా ఎందుకు తుడిచాడు?

ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. లతకు జరిగిందంతా చెప్పి, అనుమానించినందుకు క్షమించమన్నాను. ఇప్పుడు ఆదివారాలు ఆమె కూడా వస్తోంది. ఓబులేశును ఆ ప్యానెల్ దరిదాపులకు రానివ్వడం లేదు. వాడిని ఆపిన రోజు నుంచి దుమ్ము మామూలుగానే పడుతోంది. గీత మాత్రం ఒక్కటీ పడలేదు.